హుస్సేన్ సాగర్‌లో పిల్లల పడవ పందేలు: నియమాలు రాసిన అనుభవం

పోయిన జులైలో హుస్సేన్ సాగర్‌లో మేం నడిపిన రాష్ట్ర స్థాయి జూనియర్ సెయిలింగ్ (తెరచాప పడవల) పోటీలకి కాగితాల పని నాకు అప్పగించారు. అనుమతుల దరఖాస్తులు, భోజనాలు, పతకాలు వేరేవాళ్ళు చూసుకున్నారు. నా వంతుకి వచ్చింది రెండు పత్రాలు రాయడం. మొదటిది నోటీస్ ఆఫ్ రేస్: పోటీకి ఎవరు రావచ్చు, ఏ పడవలతో, ఎన్ని రేసులు అని ముందే చెప్పే ప్రకటన. రెండోది సెయిలింగ్ ఇన్‌స్ట్రక్షన్స్: నీళ్ళ మీదికి వెళ్ళాక ఏ జెండా ఎగిరితే ఏం చేయాలో చెప్పే సూచనల పత్రం. మా అమ్మాయి చిన్నప్పుడు ఇదే చెరువులో ఆప్టిమిస్ట్ అనే చిన్న పడవ నడిపింది. వయసు దాటి తను బయటికొచ్చేసింది, నేను క్లబ్ పనుల్లో ఉండిపోయాను. ఇంట్లో పోటీపడే పిల్లలెవరూ లేరు కాబట్టే ఈ పని నాకిచ్చారని తరవాత తెలిసింది. అది మంచి పద్ధతని ఇప్పటికీ అనుకుంటాను.

కబడ్డీకి ఒకసారి సున్నం గీత గీస్తే ఆట అయ్యేదాకా అది అక్కడే ఉంటుంది. పడవ పందెంలో గీత కూడా కదులుతుంది. స్టార్ట్ లైన్ గాలికి అడ్డంగా వేయాలి. గాలి పక్కకి తిరిగితే లైన్ ఎత్తి మళ్ళీ వేయాలి. గాలి పడిపోతే రేసు ఆగుతుంది, ఎక్కువైతే పిల్లల్ని ఒడ్డుకి తేవాలి. వీటిలో ప్రతిదానికీ ఎవరో ఒకరు నిర్ణయం తీసుకోవాలి, ప్రతి నిర్ణయం వల్లా ఒక బిడ్డకి లాభం, ఇంకో బిడ్డకి నష్టం. అందుకే ఏ పరిస్థితిలో ఏం చేస్తామో ముందే రాసిపెట్టుకోవాలి. లేకపోతే ఆ పూట ఒడ్డున ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళ మాటే నెగ్గుతుంది. ఆ గొంతు ఎప్పుడూ సొంత పడవ, సొంత కోచ్ ఉన్న పిల్లల తల్లిదండ్రులదే అవుతుంది. గురుకుల పాఠశాల నుంచి వచ్చిన పిల్లల తరఫున అరిచేవాళ్ళు ఎవరుంటారు?

అన్నీ మనమే రాసుకోవాల్సిన పని లేదు. వరల్డ్ సెయిలింగ్ అనే అంతర్జాతీయ సంస్థ వాళ్ళ రేసింగ్ రూల్స్ ఆఫ్ సెయిలింగ్ అనే పుస్తకం ఉంది. నాలుగేళ్ళకోసారి దాన్ని సవరిస్తారు. ఇప్పుడు నడుస్తున్నది 2025–2028 ప్రతి. పడవలు ఎదురెదురైతే ఎవరు తప్పుకోవాలో చెప్పే రెండో భాగం ఒలింపిక్స్‌లోనూ మా చెరువులోనూ ఒక్కటే. గాలి కుడివైపు నుంచి తగిలే పడవ స్టార్‌బోర్డ్ ట్యాక్ మీద ఉన్నట్టు, ఎడమవైపు నుంచి తగిలేది పోర్ట్ ట్యాక్ మీద ఉన్నట్టు. పోర్ట్ వాళ్ళు తప్పుకోవాలి. రెండూ ఒకే ట్యాక్ మీద పక్కపక్కన ఉంటే గాలి వచ్చే వైపున్న పడవ తప్పుకోవాలి. బోయ (పడవలు చుట్టి తిరగాల్సిన తేలే గుర్తు) దగ్గరికి మూడు పడవల పొడవంత దూరంలోకి వచ్చాక లోపలివైపున్న పడవకి తిరగడానికి చోటివ్వాలి. ఈ భాగాన్ని ఏ స్థానిక కమిటీ కూడా తన సూచనల పత్రంతో మార్చలేదు. మార్చడానికి వీలున్న నియమాలు వేరే ఉన్నాయి. వాటిని మార్చాలన్నా ఫలానా నంబరు నియమాన్ని ఇలా మారుస్తున్నాం అని పేరుపెట్టి రాయాలి. లేకపోతే ఆ మార్పు చెల్లదు.

మా రేస్ ఆఫీసర్ విశాఖలో నౌకాదళంలో పనిచేసి రిటైరైన పెద్దాయన. నా మొదటి ముసాయిదా ఆయనకి పంపితే ఎర్ర పెన్నుతో సగం కొట్టేసి వెనక్కి ఇచ్చారు. "అమ్మా, పుస్తకంలో ఉన్నదాన్ని మళ్ళీ నీ మాటల్లో రాయొద్దు. నీ మాటకీ పుస్తకం మాటకీ వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆ సందులోంచి ఒక ప్రొటెస్ట్ పుడతాది" అన్నారు. ప్రొటెస్ట్ అంటే ఫలానా పడవ నియమం తప్పిందని చేసే ఫిర్యాదు. ఇంకోటి కూడా చెప్పారు: మార్చకుండా నడిచేదాన్ని మార్చొద్దు. ఈ పిల్లలే రేపు చెన్నైకో ముంబైకో జాతీయ పోటీలకి వెళ్తారు, అక్కడ వేరే అలవాటు ఉంటే తికమకపడతారు. ఆ మాట మీద నిలబడే, తప్పు చేసిన పడవ నీళ్ళ మీదే రెండు చుట్లు తిరిగి శిక్ష తీర్చుకోవాలన్న నియమాన్ని అలాగే ఉంచాం. చిన్నపిల్లలకి ఒక చుట్టు చాలని ఇద్దరు ముగ్గురు కోచ్‌లు అడిగారు. మేం ఒప్పుకోలేదు.

పోటీ రెండు తరగతుల్లో. ఆప్టిమిస్ట్ పదిహేనేళ్ళ లోపు పిల్లలది. 1947లో అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని క్లియర్‌వాటర్‌లో క్లార్క్ మిల్స్ గీసిన పడవ అది, పొడవు 2.3 మీటర్ల చిల్లర, బరువు 35 కిలోలు, ముందు మొండిగా ఉంటుంది, ఒక్క తెరచాప, ఒక్కరే నడపాలి. రెండోది ఐఎల్‌సీఏ 4, పాతపేరు లేజర్ 4.7. ఒలింపిక్స్‌లో వాడే ఐఎల్‌సీఏ 6, ఐఎల్‌సీఏ 7లదీ ఇదే పడవ, తెరచాప మాత్రం చిన్నది. మన దేశపు సెయిలర్లు నేత్ర కుమనన్, విష్ణు శరవణన్ టోక్యోకీ పారిస్‌కీ వెళ్ళింది ఈ కుటుంబపు పడవల మీదే. ఈ సంగతి చెప్పగానే మా పిల్లల ముఖాలు వెలిగిపోతాయి, తాము కూర్చున్న పడవని ఇంకో కంటితో చూస్తారు.

ఆప్టిమిస్టులు 30 దాకా, ఐఎల్‌సీఏలు 15 పైచిలుకు వస్తాయని లెక్కేశాం. చిక్కంతా ఆప్టిమిస్టులతోనే. కొందరు పిల్లలకి సొంత పడవలున్నాయి, కొత్త తెరచాపలున్నాయి. మిగతావాళ్ళు క్లబ్ పడవలు వాడాలి. వాటిలో కొన్ని బాగున్నాయి. కొన్ని మాత్రం అడుగున అతుకులతో, సాగిపోయిన తెరచాపలతో పాతబడ్డాయి. ఒకే పడవ ఒకే బిడ్డకి మూడు రోజులూ ఇస్తే ఆ బిడ్డ ఫలితం చీటీ రోజే రాసేసినట్టు. అందుకని ప్రకటనలోనే ఇలా రాశాం: క్లబ్ పడవలు చీటీ వేసి పంచుతాం, ప్రతి ఉదయం మళ్ళీ చీటీ వేస్తాం, నీళ్ళలోకి దిగాక ఏదైనా విరిగితే తరవాతి రేసు వార్నింగ్ సిగ్నల్ (స్టార్ట్‌కి ఐదు నిమిషాల ముందు ఇచ్చేది) లోపు, రేసు నడిపేవాళ్ళుండే కమిటీ బోటుకి చెప్పాలి, మరమ్మతుకో మారు పడవకో తగినంత సమయం ఇచ్చి ఆ తరవాతే రేసు మొదలుపెడతాం. సొంత పడవలవాళ్ళు కొందరు, మా పిల్లలు ఎందుకు ఆగాలండీ అన్నారు. విరిగిన చుక్కానితో ఇంకో బిడ్డ ఒడ్డున కూర్చుంటే మీ బిడ్డ గెలిచింది ఎవరి మీద అని అడిగాను. తగినంత సమయం ఇచ్చాకే రేసు మొదలుపెడతామన్న ఆ వాక్యం చెక్కుచెదరకుండా చివరిదాకా నిలిచింది. ఈ మొత్తం పత్రంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన వాక్యం అదే.

తరవాత, రేసు ఎక్కడ జరగాలి? హుస్సేన్ సాగర్ మ్యాపు మీద పెద్దదిగానే కనపడుతుంది. పడవలో కూర్చుంటే అంత చోటు లేదని తెలుస్తుంది. లుంబినీ పార్కు నుంచి బుద్ధ విగ్రహానికి టూరిస్టు బోట్లు తిరుగుతూనే ఉంటాయి, ఆ దారిలోకి పిల్లల్ని పంపలేం. వానాకాలంలో గాలి ఎక్కువగా పడమర, నైరుతి నుంచి వస్తుంది, అంటే నెక్లెస్ రోడ్డు వైపు నుంచి. ఆ ఒడ్డున చెట్లూ కట్టడాలూ దాటుకుని వచ్చేసరికి గాలి ముక్కలవుతుంది. ఒడ్డుకి దగ్గరగా బోయ వేస్తే ఒక బిడ్డకి గాలి కొట్టి దూసుకుపోతుంది, పది మీటర్లు పక్కనున్న బిడ్డ తెరచాప వేలాడేసుకుని నిలబడిపోతుంది. పద్దెనిమిది మీటర్ల బుద్ధ విగ్రహం వెనక నీడలోనూ అంతే. అందుకని పందెం గీత ఉత్తరానికి జరిపి, పై బోయని, అంటే గాలి వచ్చే వైపున్నదాన్ని, ఒడ్డుకి బాగా దూరంగా పెట్టాం. కోర్సు పొట్టిదైంది. దాన్ని ఇంకో చుట్టు తిప్పి సరిచేశాం. గాలి దిక్కు చూడటానికి కమిటీ బోటు మీద రిబ్బన్లున్నా, సంజీవయ్య పార్కులో 291 అడుగుల స్తంభం మీది జాతీయ జెండా ఎగురుతున్నంతసేపూ మా అందరి కళ్ళూ అటే పోయేవి. అంత ఎత్తున గాలి ముందు తిరిగిందంటే కాసేపట్లో నీళ్ళ మీద కూడా తిరగొచ్చని మా పెద్దాయన కనిపెట్టుకుని ఉండేవారు.

చెరువు అడుగు బురద. లంగరు పట్టదు, బోయ మెల్లగా జారుతుంది. నీటి లోతుకి మూడింతలు తాడు వదిలి, చివర బరువు కట్టి చూసుకోవాలి. గుర్రపుడెక్క ఇంకో బాధ. ఒక్క తీగ చుక్కానికి చుట్టుకుంటే పడవ ఈడ్చుకుంటూ పోతుంది. ఉదయం పిల్లలు దిగకముందే రెండు బోట్లు తిరిగి తేలుతున్న గుంపుల్ని పక్కకి లాగేవి. నీళ్ళ శుభ్రత సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి ఒడ్డున మంచినీళ్ళ ట్యాంకు, సబ్బు, గాయాలకి ప్లాస్టరు పెట్టాం. చేతికో కాలికో తెగిన గాయం ఉంటే దాన్ని మూసి కట్టించుకోకుండా నీళ్ళలోకి దిగకూడదని రాశాం.

స్టార్ట్ గురించి నేను ఎక్కువ రాస్తాను, ఎందుకంటే గొడవల్లో సగం అక్కడే పుడతాయి. కమిటీ బోటు మీది నారింజ రంగు జెండాకీ, అవతలి కొసన బోయకీ మధ్య కళ్ళతో గీసుకునే గీత స్టార్ట్ లైన్. 30 ఆప్టిమిస్టుల పొడవు కలిపితే 69 మీటర్లు. దానికి ఒకటిన్నర రెట్లు, అంటే వంద మీటర్ల పైచిలుకు లైన్ వేశాం. స్టార్ట్‌కి ఐదు నిమిషాలుందనగా క్లాస్ జెండా (ఆ తరగతి పడవల జెండా) లేస్తుంది, నాలుగు నిమిషాలుందనగా ప్రిపరేటరీ (సిద్ధం కమ్మనే) జెండా లేస్తుంది, నిమిషం ఉందనగా అది దిగుతుంది, సున్నా దగ్గర క్లాస్ జెండా దిగుతుంది. ప్రతిదానికీ హారన్ ఉంటుంది కానీ లెక్క జెండాదే. హారన్ మోగకపోయినా జెండా కదిలిందంటే కదిలినట్టే. ట్యాంక్‌బండ్ మీది ట్రాఫిక్ హోరులో ఇది ఎంత ముఖ్యమో పిల్లలకి మొదటి ఉదయమే అర్థమైంది.

నాలుగో నిమిషం జెండా ఏది పెట్టాలన్నది రేస్ ఆఫీసర్ ఇష్టం. పీ జెండా అయితే, లైన్ ముందే దాటిన పడవ వెనక్కి వచ్చి మళ్ళీ స్టార్ట్ చేసుకోవచ్చు. యూ జెండా అయితే, ఆఖరి నిమిషంలో లైన్‌కి, మొదటి బోయకి మధ్య త్రికోణంలో కనపడిన పడవకి ఆ స్టార్ట్ పోయినట్టే. కాకపోతే అందర్నీ వెనక్కి పిలిచి మళ్ళీ మొదలుపెడితే ఆ పడవకీ అవకాశం ఉంటుంది. నల్ల జెండా కింద అదీ లేదు. మళ్ళీ మొదలుపెట్టినా ఆ పడవ ఆ రేసులో లేనట్టే. ఈ పోటీలో నల్ల జెండా వాడబోమని సూచనల పత్రంలో రాయాలని పట్టుబట్టాను. పదేళ్ళ పిల్లాడు నిజామాబాద్ నుంచో వరంగల్ నుంచో వచ్చి, మొదటి రేసులో ఉత్సాహం ఆగక అర మీటరు ముందుకి జరిగితే, ఆ రేసంతా పక్కన కూర్చోబెట్టడం నాకు నచ్చలేదు. రేస్ ఆఫీసర్ చేతిలోంచి ఒక ఆయుధం లాక్కుంటున్నావమ్మా అన్నారు పెద్దాయన. అందరూ లైన్ మీద ఎగబడితే యూ ఉంది కదండీ అన్నాను. ఒప్పుకున్నారు. మూడు రోజుల్లో యూ జెండా కూడా అరుదుగానే వాడారు.

సమయ పరిమితి దగ్గర వాదన బాగా సాగింది. మొదటి పడవ ఇంత సమయంలో చేరకపోతే రేసు రద్దు. ఆ పరిమితి లోపు మొదటి పడవ చేరితే, మామూలుగా మిగతావాళ్ళు ఎంతసేపటికి చేరినా లెక్కే. చెరువులో అలా కుదరదు. ఆఖరి బిడ్డ గంటసేపు కొట్టుకుంటుంటే మిగతా అందరూ ఎండలో తేలుతూ ఉంటారు, గాలి ఉన్న కాస్త సమయం పోతుంది. అందుకని మొదటి పడవ చేరాక 15 నిమిషాల్లో చేరని పడవని డీఎన్‌ఎఫ్, అంటే పూర్తి చేయలేదని వేస్తామని, ఇది 35వ నియమాన్నీ అనుబంధం 'ఏ'లోని ఐదో అంశాన్నీ మారుస్తుందని రాశాం. డీఎన్‌ఎఫ్ పడిన పడవకి మొత్తం పడవల సంఖ్య కన్నా ఒక పాయింటు ఎక్కువ వస్తుంది. మొదటి స్థానానికి 1, రెండో స్థానానికి 2 అలా వేసుకుంటూ పోతాం, తక్కువ పాయింట్లున్నవాళ్ళు గెలుస్తారు. నాలుగు రేసులు పూర్తయితే ప్రతి పడవకీ ఒక చెడ్డ ఫలితాన్ని తీసేస్తాం, అంతకు తక్కువైతే ఏదీ తీసెయ్యం. ఎనిమిది రేసులు అనుకున్నాం, మూడు పూర్తయితే చాలు, పోటీ జరిగినట్టే. జులై గాలిని నమ్మి అంతకన్నా ఎక్కువ మాటివ్వలేం.

భద్రత గురించి రాసిన పేజీలో కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు, కానీ ఒక్క మాట కూడా తగ్గించలేదు. నీళ్ళ మీద ఉన్నంతసేపూ లైఫ్ జాకెట్ వేసుకోవాలి, దానికి విజిల్ కట్టి ఉండాలి. ఆప్టిమిస్టులో మూడు గాలి సంచులు, తాడుతో కట్టిన నీళ్ళు తోడే డబ్బా, మాస్ట్ (తెరచాప కొయ్య) దగ్గర ఎనిమిది మీటర్ల తేలే తాడు ఉండాలి. ఇవన్నీ తరగతి నియమాల్లోనే ఉన్నాయి. మేం చేర్చింది బిళ్ళల పద్ధతి. దిగేముందు ప్రతి బిడ్డా బోర్డు మీంచి తన నంబరు బిళ్ళ తీసుకుని మెడలో వేసుకోవాలి, ఒడ్డుకి రాగానే తిరిగి తగిలించాలి. బోర్డు చూస్తే ఇంకా నీళ్ళలో ఎవరున్నారో తెలుస్తుంది. కోచ్ బోట్లు ప్రిపరేటరీ సిగ్నల్ నుంచి ఆఖరి పడవ చేరేదాకా కోర్సు బయటే ఉండాలి. ఒడ్డు మీంచి గానీ కోచ్ బోటు మీంచి గానీ అరిచి సలహా చెప్తే అది బయటి సాయం కిందికి వస్తుంది, దాని ఫలితం పిల్లల మీద పడుతుంది. తల్లిదండ్రులకి ఇది విడిగా కూర్చోబెట్టి చెప్పాం. ప్రేమతోనే అరుస్తారు. కానీ తండ్రి ఒడ్డున లేని బిడ్డకి ఆ అరుపు దొరకదు.

ప్రొటెస్ట్ కమిటీని కూర్చడం నా అంచనాకన్నా కష్టమైంది. హైదరాబాద్‌లో సెయిలింగ్ చిన్న లోకం. నియమాలు బాగా తెలిసినవాళ్ళు ఎవరైనా ఎవరో ఒక పిల్లకి కోచో, మేనమామో, స్పాన్సరో అయి ఉంటారు. ఫలితం వల్ల తనకో తనవాళ్ళకో లాభనష్టాలున్నవాళ్ళు విచారణలో కూర్చోకూడదు. సంబంధం ఉంటే ముందే చెప్పాలి. ఇద్దరు పెద్దమనుషులు అలా చెప్పి తామే తప్పుకున్నారు, వాళ్ళ మీద నాకున్న గౌరవం పెరిగింది. చివరికి వేరే రాష్ట్రం నుంచి ఒకరిని పిలిపించి అధ్యక్షత అప్పగించాం. ప్రయాణ ఖర్చు భారమే అయినా, ఆ డబ్బు మిగల్చాల్సింది పతకాల మీద, భోజనాల మీద. విచారణ మీద కాదు.

మొదటి ఉదయం పిల్లలందర్నీ కూర్చోబెట్టి తెలుగులోనూ హిందీలోనూ చెప్పుకుంటూ వచ్చాం. ఎవరిమీదైనా ప్రొటెస్ట్ చేయాలంటే ఆ క్షణాన్నే, ఆ మాటే గట్టిగా అరవాలి. ఆరు మీటర్ల లోపు పడవలకి ఎర్ర జెండా అక్కర్లేదు, మాట మాత్రం తప్పదు. "అడ్డమొచ్చావ్ రా" అని తిడితే సరిపోదు. అందరిచేతా ఒకసారి అరిపించాం. సిగ్గుపడే పిల్లలకి కూడా గొంతు లేచింది. అప్పుడే ఒక కోచ్ లేచి, ఫినిష్ లైన్ స్టార్ట్ లైన్‌గా కూడా పనికొస్తుందా, రెండో చుట్టులో దాన్ని దాటొచ్చా అని అడిగారు. సమాధానం నా నాలిక మీదే ఉంది. కానీ నోటిమాటకి నిలకడ లేదు. సూచనల పత్రంలో మార్పేదైనా రాసి, నోటీసు బోర్డు మీద పెట్టి, ఒడ్డున ఎల్ జెండా ఎగరేయాలి. నోటితో చెప్తే విన్న పిల్లలకి ఒక నియమం, అప్పుడు బాత్రూమ్‌కి వెళ్ళిన బిడ్డకి ఇంకో నియమం అవుతుంది. ప్రశ్న రాసివ్వమన్నాం, జవాబు రాసి బోర్డుకి పెట్టాం, ఎల్ ఎగరేశాం. పది నిమిషాలు ఆలస్యమైంది.

రెండో రోజు మధ్యాహ్నం నెక్లెస్ రోడ్డు మీద మబ్బు నల్లగా కమ్మింది. ఐఎల్‌సీఏలు ఆఖరి బోయ దగ్గర, ఆప్టిమిస్టులు మధ్యలో ఉన్నాయి. పెద్దాయన రెండు నిమిషాలు మబ్బునే చూసి ఎన్ జెండా, దాని కింద హెచ్ ఎగరేయించారు. రేసు రద్దు, అందరూ ఒడ్డుకి. మూడు హారన్లు. ముందున్న అబ్బాయి గెలుపుకి రెండొందల మీటర్ల దూరంలో ఉన్నాడు, వాడి కోచ్ రేడియోలో గట్టిగానే అడిగారు. భద్రత కోసం రద్దు చేసే అధికారం పుస్తకంలోనే ఉంది, రెండు తరగతులకీ ఒకేలా వర్తిస్తుందని మా పత్రంలో ఉంది. పడవలు సగం ఒడ్డుకి చేరేలోపే గాలివాన కొట్టింది. బోల్తాపడిన పడవల్ని రక్షణ బోట్లు ఒక్కొక్కటే లేపుతూ వచ్చాయి. అందరూ వచ్చారనుకున్నాక బోర్డు మీద ఒక బిళ్ళ తక్కువ. ఆ పిల్లని రక్షణ బోటు తనకి దగ్గరైన అవతలి ఒడ్డున దించిందని, అక్కడ వాలంటీరు దగ్గర తువ్వాలు కప్పుకుని కూర్చుందని రేడియోలో తెలిసేదాకా మాలో ఎవరమూ తడిబట్టలు మార్చుకోలేదు. ఆ బిళ్ళ లేకపోతే అడగాలన్న సంగతే ఎవరికీ తట్టేది కాదు.

అదేరోజు ఉదయం రేసులో ఒకమ్మాయి నాలుగో స్థానంలో వెళ్తూ, బోల్తాపడిన పడవ తాళ్ళలో కాలు ఇరుక్కున్న పిల్లాడిని చూసి ఆగిపోయింది. రక్షణ బోటు వచ్చేదాకా వాడి చేయి పట్టుకుని ఉండి, తరవాత వెళ్ళి 19వ స్థానంలో చేరింది. ఆపదలో ఉన్నవాళ్ళకి సాయం చేయడం పుస్తకంలో మొట్టమొదటి నియమం. అలా చేసి నష్టపోయిన పడవ పరిహారం అడగొచ్చు. అడగొచ్చని కూడా ఆ అమ్మాయికి తెలియదు. గురుకులం నుంచి వచ్చింది. మేం చెప్పి అడిగించలేదు, అది మా పని కాదు. అయితే ఆ హక్కు ఉందని, ఫారం ఎక్కడ దొరుకుతుందో, ఎంతలోపు ఇవ్వాలో తెలుగులో రాసిన కాగితం బోర్డు మీద మొదటి రోజు నుంచీ ఉంది. వాళ్ళ పీఈటీ సార్ అది చదివి గడువు లోపే ఫారం తెచ్చారు. విచారణలో పిల్లాడు సాక్ష్యం చెప్పాడు. ఆ రేసుకి ఆమె మిగతా రేసుల పాయింట్ల సగటు ఇవ్వాలని కమిటీ తేల్చింది.

పోటీ ముగిసేసరికి పూర్తయినవి ఆరు రేసులు. ఆమె మిగతా ఐదు ఫలితాలు 3, 2, 4, 3, 5, సగటు 3.4. చెడ్డదైన 5 తీసేస్తే మొత్తం 15.4. ఆమె వెనకున్న అబ్బాయికి 16. పరిహారం లేకపోతే 19 పోయి ఆమెకి 17 మిగిలేది, అబ్బాయి రెండో స్థానంలో ఉండేవాడు. వాళ్ళ నాన్నగారు నా దగ్గరికి వచ్చారు. కోపంగానే ఉన్నారు, కానీ మర్యాద తప్పలేదు. "ఆగమని ఎవరు చెప్పారండీ ఆ పిల్లకి? రక్షణ బోట్లున్నాయి కదా" అన్నారు. నేను పుస్తకం తెరిచి ఒకటో నియమం చూపించాను. ఆయన చదివారు. కాసేపాగి, ఆ తాళ్ళలో ఇరుక్కున్న బాబు ఎలా ఉన్నాడని అడిగారు. బాగున్నాడు, మధ్యాహ్నం రేసుకి కూడా దిగాడని చెప్పాను.

ఆఖరి రోజు ఉదయం ఒక్క రేసు అయ్యాక గాలి పూర్తిగా పడిపోయింది. ఏపీ జెండా, అంటే వాయిదా, ఎగరేసి ఒడ్డునే ఉంచాం. పులిహోర, పెరుగన్నం అయిపోయాయి. మధ్యాహ్నం మూడు తరవాత వార్నింగ్ సిగ్నల్ ఇవ్వబోమని ప్రకటనలోనే ఉంది. దూరం నుంచి వచ్చినవాళ్ళకి బస్సులు, రైళ్ళు ఉంటాయి కాబట్టి పెట్టిన గడువది. మూడు దాటి ఐదు నిమిషాలయ్యాక నీళ్ళ మీద గాలి గీతలు కనపడ్డాయి. మంచి గాలి, నిలకడగా ఎనిమిది నాట్లు, అంటే గంటకి దాదాపు 15 కిలోమీటర్లు. ఒకరు కాదు, పదిమంది వచ్చి అడిగారు: ఇంకొక్క రేసు పెట్టండి, అందరికీ సమ్మతమే. అందరికీ కాదు. ఆదిలాబాద్ పిల్లలు అప్పటికే పడవలు విప్పి సర్దుకుంటున్నారు. వాళ్ళు ఆ గడువుని నమ్మి టికెట్లు తీసుకున్నారు. పెద్దాయన ఏపీ కింద 'ఏ' అక్షరం జెండా కట్టించి ఎగరేశారు: ఈరోజుకి ఇక రేసుల్లేవు. ఆయనకి మాత్రం ఆ గాలి చూస్తే మనసాగలేదని ముఖంలో తెలిసిపోయింది. నలభై ఏళ్ళు గాలి కోసం ఎదురుచూసిన మనిషి.

వచ్చే ఏటి ముసాయిదా మొదలుపెట్టాను. ఫినిష్ గడువు 15 నిమిషాల నుంచి 20కి పెంచుతున్నాం. డీఎన్‌ఎఫ్ పడినవాళ్ళలో ఎక్కువమంది ఆ రోజు పాత పడవ చీటీ వచ్చిన పిల్లలే. బిళ్ళల బోర్డు అవతలి ఒడ్డున కూడా ఒకటి ఉంటుంది. అమ్మాయిలకి విడి బహుమతులు కొనసాగుతాయి, పోటీ మాత్రం అందరికీ కలిపే. క్లబ్ పడవలకి రోజూ చీటీ వేసే పద్ధతిని ఐఎల్‌సీఏలకీ తెస్తున్నాం, సొంత పడవలవాళ్ళు ఇంకా ఒప్పుకోవాలి. పిల్లల్ని పంపే స్కూళ్ళూ కోచ్‌లూ తమ అభ్యంతరాలు ప్రకటన వెలువడకముందే ఇవ్వాలని అడుగుతున్నాం. రాతపూర్వకంగానే ఇవ్వాలి, తెలుగులో రాసినా సరే.